పొడుగుబిడ్డ మీద నా కుళ్లు

ఆ రోజుల్లో నేను ఈ హైదరాబాదు నగరం మీద నిజంగానే అలిగి ఉండేవాణ్ణి. నేను అలిగానన్న సంగతి నగరానికి తెలియదు, అది వేరే విషయం. అమలాపురం నుంచి ఒక సూట్‌కేసు, ఒక ఇంజనీరింగు పట్టా, అమ్మ పెట్టిన మూడు రకాల పచ్చళ్లతో దిగినవాణ్ణి. దిగిన మర్నాటి నుంచే జనం గేటు దాకా వచ్చి పలకరిస్తారని ఎందుకనుకున్నానో ఇప్పుడు ఎంత ఆలోచించినా అంతుపట్టదు. ఇరవై నాలుగేళ్ల వయసులో అలా అనుకోవడానికి కారణం అక్కర్లేదు కాబోలు. మూడేళ్లు గడిచినా ఎవరూ రాలేదు. సరే, ఈ ఊరి స్వభావమే ఇంత, ఎవరినీ దగ్గరికి రానివ్వదు అని నాకు నేనే సర్ది చెప్పుకుని, ఆ మాటతో హాయిగా బతుకుతున్నాను. సరిగ్గా అప్పుడే ఆరున్నర అడుగుల మనిషి ఒకడు వచ్చి, నా సిద్ధాంతాన్ని పది రోజుల్లో పాడుచేశాడు.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. నాకు వాలీబాల్ అంటే ప్రాణం. యూనివర్సిటీ జట్టులో నాలుగేళ్లు ఉన్నాను (ఉన్నాను అంటే బెంచీ మీద ఉన్నానని అర్థం. మా కోచ్ గారు నా పేరు మరిచిపోయి ‘బెంచీ’ అనే పిలిచేవారు). ఆటగాణ్ణి కాలేకపోయినా ఆటకి దగ్గరలోనైనా ఉందామని, నా స్నేహితులంతా సాఫ్ట్‌వేరు ఉద్యోగాలకు పోతుంటే నేను మాత్రం గచ్చిబౌలిలో కొత్తగా పెట్టిన ఒక వాలీబాల్ క్లబ్బు ఆఫీసులో చేరాను. హోదా పేరు ప్లేయర్ రిలేషన్స్ ఎగ్జిక్యూటివ్. పని మాత్రం ఆటగాళ్లని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం, వాళ్ల బూట్ల సైజులు గుర్తుంచుకోవడం, బిర్యానీ తిని కడుపు పట్టుకుంటే మందులు కొనిపెట్టడం. అమ్మ మాత్రం మా వీధిలో అందరికీ నేను ఆటగాళ్లతో కలిసి పనిచేస్తున్నానని చెప్పింది. అబద్ధమేమీ కాదు.

చందానగర్‌లో ఒక ఇంటి పైన ఒంటిగదిలో అద్దెకుండేవాణ్ణి. కింద ఇంటివాళ్లు. ఓనరాంటీ ఆ చుట్టుపక్కల ఊళ్లోనే పుట్టి పెరిగింది. ఇప్పుడు బట్టల షోరూములున్న చోట చిన్నప్పుడు తాను బర్రెలు మేపానని చెబుతుండేది, నాకు కాదు, కూరగాయలామెకి. నాతో ఆవిడ మాటలు రెండే. నల్లా (అంటే కుళాయి నీళ్లు) వచ్చిందని ఒకటి, నల్లా పోయిందని ఇంకొకటి. నన్ను ‘పై పోర్షన్’ అని పిలిచేది. నేను కూడా ఏం తక్కువ తినలేదు. సాయంత్రం ఇంటికి రాగానే మెట్ల మీద నిలబడి (సిగ్నల్ అక్కడే బాగుండేది) అమ్మకి ఫోన్ చేసి, ‘ఇయ్యాల నల్లా రాలే’ అని ఆంటీ గొంతుతో అనేసి నవ్వించేవాణ్ణి. అమ్మ పడీపడీ నవ్వేది. నా దినచర్యలో చప్పట్లు దొరికే పని అదొక్కటే.

ఇంతలో మా క్లబ్బుకి ఇరాన్ నుంచి ఒక ఆటగాడు వస్తున్నాడని తెలిసింది. పది రోజులు మాతో ప్రాక్టీసు చేసి, నచ్చితే రెండు సీజన్లకి సంతకం పెడతాడు. సముద్రపు ఒడ్డున ఉన్న ఇంకో నగరం క్లబ్బు కూడా అతని వెంటపడుతోంది. మా మేనేజరుగారు గుంటూరు మనిషి, కంప్యూటరులో స్లైడ్లు తయారుచేయడమంటే ఆయనకి పూజతో సమానం. “ఆటగాడు జట్టుని చూసి రాడండి, ఊరిని చూసి వస్తాడు. ఊరిని చూపించే బాధ్యత మీది,” అన్నారు నాతో. ఆ తర్వాత, అతను సంతకం పెట్టకపోతే నా ఉద్యోగం పొడిగించడం కూడా కష్టమేనని అదే నవ్వు ముఖంతో చెప్పారు.

అతన్ని మొదటిసారి ఎయిర్‌పోర్టులో చూసినప్పుడే నాకు తెలియకుండా మునివేళ్ల మీద లేచి నిలబడ్డాను. కారెక్కడానికి అతను వంగిన తీరు చూసి మా డ్రైవరు ‘నిచ్చెన’ అని పేరు పెట్టేశాడు. మర్నాడు ఇండోర్ కోర్టులో అతను బంతి కోసం గాల్లోకి లేచాడు. లేచినవాడు వెంటనే దిగాలి కదా. దిగలేదు. పైనే కాసేపు ఆగి, ఎటు కొట్టాలో తీరిగ్గా చూసుకుని, కొట్టి, అప్పుడు దిగాడు. నేను పక్కన నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడ్డాను. అంత పొగరుగా ఆడేవాడు మనిషిగానైనా చెడ్డవాడై ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది. పైగా మర్యాదస్తుడు. సీసా అందించిన ప్రతిసారీ గుండె మీద చెయ్యి పెట్టి తల వంచేవాడు. మంచివాణ్ణి చూసి కుళ్లుకోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

మేనేజరుగారి స్లైడ్ల ప్రకారం మూడు రోజులు ఊరు తిప్పాను. అద్దాల మేడలు, చెరువు మీది తీగల వంతెన, మాల్స్, అంతర్జాతీయ పాఠశాలలు (అతనికి పెళ్లే కాలేదు, అయినా స్లైడులో ఉంది కాబట్టి చూపించాను). అన్నింటికీ బాగుందన్నాడు. మా అమ్మ చీర చూపించి ఎలా ఉందని అడిగితే మా నాన్న అనే ‘బాగుంది’ లాంటిదే అది. అద్దాల మేడలు తమ దగ్గరా ఉన్నాయని, ఆ ఇంకో నగరంలో మాత్రం సముద్రం ఉందని మెల్లగా అన్నాడు. నా ఉద్యోగం సముద్రంలో కలిసిపోతున్నట్టు అనిపించినా, లోపల ఎక్కడో చిన్న సంతోషం. నన్ను రానివ్వని ఊరు వీణ్ణీ రానివ్వలేదు కదా.

నాలుగో రోజు అతన్ని కారులో తీసుకెళ్తుంటే, డాక్టరు పరీక్షకి కావలసిన కాగితం నా గదిలో మరిచిపోయానని గుర్తొచ్చింది. కారు మా ఇంటి ముందు ఆపించి మెట్ల వైపు పరిగెత్తాను. ఓనరాంటీ గేటు దగ్గర మెట్టు మీద కూచుని పుంటికూర (మన గోంగూరే, ఆ పేరు తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది) ఒలుస్తోంది. నా వెనక నుంచే, “ఏంది పై పోర్షన్, గంత పరేషాన్‌గ ఉరుకుతున్నవ్, దవాఖాన పని ఏమన్న పడ్డదా?” అని అడిగింది. నేను జవాబు చెప్పకుండా పైకెళ్లిపోయాను. కాగితం పట్టుకుని దిగేసరికి మా నిచ్చెన, ఆవిడ నోట తన పారశీకం మాటలు విని, కారు దిగి ఆవిడ ముందు గొంతుక్కూచుని ఉన్నాడు. ‘దవాఖాన’, ‘పరేషాన్’ అంటున్నాడు. ఆవిడ ‘పరేషాన్’ అంటోంది. అతను గేటు మీద చెయ్యి వేసి ‘దర్వాజే’ అన్నాడు. ఆవిడ ‘దర్వాజ’ అంది. నేల తట్టి ‘జమీన్’ అంటే ‘జమీన్’ అంది. చొక్కా జేబు చూపించి ‘జీబ్’ అన్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, జేబు అని దిద్దింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకుంటున్నారు. ఆవిడకి పళ్లు ఉన్నాయని నేను చూడటం అదే మొదటిసారి.

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగి వసారాలో ఉన్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెమ్మంది. మూడేళ్లుగా ఆ కుర్చీ పక్కనుంచే వెళ్తున్నాను. ఒక్కసారి కూర్చోమన్నవాళ్లు లేరు. ఇప్పుడు దాన్ని నా చేతులతోనే మోసుకొచ్చి అతనికి వేశాను. అతను కూర్చుంటే కుర్చీ కాళ్లు విచ్చుకున్నాయి, అతని మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి. ఆంటీ నన్ను ఎగాదిగా చూసి, “నీకు పుంటికూర తెల్వకపాయె. ఈయనకి దవాఖాన తెలిసె. మనోడెవరో ఇగ నువ్వే చెప్పు,” అంది. తెలుగువాణ్ణి నేనని చెబుదామనుకున్నాను గానీ ఆ గేటు దగ్గర ఆ సంగతి అంత స్పష్టంగా కనిపించలేదు.

ఆ రోజు నుంచీ అతను ప్రాక్టీసు అవగానే చందానగర్ వెళ్దామనేవాడు. స్లైడ్లు మూలపడ్డాయి. ఆంటీ అతనికి ‘పొడుగుబిడ్డ’ అని పేరు పెట్టింది. నేను పోర్షను, అతను బిడ్డ. అతని కోసం సర్వపిండి చేసింది, మాంసం కూర చేసింది, కారం తగ్గించి మరీ చేసింది. అతను నేర్చుకున్న మొదటి తెలుగు మాట ‘వద్దు’, అది కూడా కారం గురించే. పుంటికూర పులుపుకి అతని కళ్లు మూసుకుపోయాయి, కానీ గిన్నె వదల్లేదు. ఒకరి మాటల్లో నాలుగోవంతు ఇంకొకరికి తెలుసు, మిగతాది నేను ఇంగ్లీషులో అటూ ఇటూ చేరవేయాలి. అంటే నా ముందు జరిగే ముచ్చట్లని నేనే మోస్తూ, నేనే కుళ్లుకుంటూ కూచోవాలి. ఆవిడ చిన్నప్పటి బర్రెలు, చెరువులు, బోనాల పండగ, ఎదురింటి ముస్లిం స్నేహితురాలితో ఆడిన ఆటలు, ఇవన్నీ నేను మొదటిసారి విన్నది అనువాదం చేస్తూనే.

ఆంటీ భర్త రిటైరైన బస్సు డ్రైవరు. ఆయన ఒకరోజు పొడుగుబిడ్డని తన స్కూటరు మీద ఎక్కించుకుని ఇరానీ హోటలుకి తీసుకెళ్లారు. వెనక కూచున్నవాడి కాళ్లు రెండు పక్కలా తెడ్లలాగా చాచుకుని ఉంటే, రోడ్డు మీద బస్సులే పక్కకి తప్పుకున్నాయి. నేను నా బండి మీద వెనకాలే. అక్కడ ఇరానీ చాయ్ తాగి, చాలాసేపు ఆలోచించి, ఇది ఇరానుదని ఎవరు చెప్పారని నన్ను మెల్లగా అడిగాడు. వాళ్ల ఊళ్లో టీలో పాలే పోయరట, చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని నల్లటి టీ తాగుతారట. ఇంతలో గల్లా దగ్గరి ముసలాయన ఇతని ఊరు కనుక్కుని లేచి వచ్చాడు. ఆయన తాతగారు అటునుంచి వచ్చినవాడే. ఆయనకి మిగిలిన పారశీకమల్లా ఒకటి నుంచి పది దాకా అంకెలు, తాతగారి తిట్లు రెండు. అవే చెప్పుకుని ఇద్దరూ కావలించుకున్నారు. ఒక పళ్లెం నిండా ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. అదే హోటల్లో నేను మూడేళ్లుగా టీ తాగుతున్నాను, చిల్లర లేదా అన్న మాట తప్ప ఆ నోట ఇంకో మాట వినలేదు.

నా ఆఖరి ఆధారం అమ్మ. ఆ రోజు రాత్రి కాకుండానే, ఆరింటికే ఫోన్ చేసి నా గోడు మొత్తం వెళ్లబోసుకున్నాను. అంతా విని, పాపం దేశంకాని దేశం వచ్చాడు కదరా, ఆ అబ్బాయి సరిగ్గా తింటున్నాడా అని అడిగింది. నేను తిన్నానా లేదా అని అడగడం మరిచిపోయింది.

ఎనిమిదో రోజు జరిగినదానికి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆంటీ అతనికి అన్నం వడ్డిస్తూ నవ్వుతూ అంది, “ఈడనే ఉండుమను బిడ్డను. పై రూము ఖాళీ చేపిస్త. జర వంగి ఎక్కుతడు మెట్లు, ఏమైతది.” ఇది పరిహాసమని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. అది నేనుండే గది. ఆమె ఏమన్నదని అతను నన్నడిగాడు. నేను ముఖం గంభీరంగా పెట్టి, పెద్దావిడ కదా, రోజూ అతిథులంటే అలసిపోతోందట, ఇకమీదట ఇల్లు ఖాళీగా ఉంటే బాగుండునంటోంది అని ఇంగ్లీషులో చెప్పాను. చెప్పేటప్పుడు అతను నమ్మడేమోనని భయపడ్డాను. కానీ ‘ఖాళీ’ అన్న మాట వాళ్ల భాషలోనూ ఉంది. ఆమె నోటి నుంచి అది అతను చెవులారా విన్నాడు. అతని ముఖంలో రంగు పోయింది. పళ్లెంలోది మెతుకు మిగలకుండా తిని, ఆవిడ ముందు గుండె మీద చెయ్యి పెట్టుకుని ఎప్పటికంటే ఎక్కువసేపు తల వంచి, వెళ్లిపోయాడు.

తొమ్మిదో రోజు రాలేదు. కోర్టులో కూడా ఎవరితో మాట్లాడలేదు. మేనేజరుగారు నన్ను పిలిచి, అతను ఆ సముద్రపు నగరం వైపే మొగ్గుతున్నాడని, మనం ఎక్కడ పొరపాటు చేశామో తెలియడం లేదని కొత్త స్లైడు ఒకటి తెరిచి కూర్చున్నారు. నాకు తెలుసు గానీ ఆ స్లైడులో పెట్టించుకునే ధైర్యం లేదు. పదో రోజు పొద్దున్న గదిలోంచి దిగుతుంటే, ఎర్ర కుర్చీ గేటు దగ్గర వేసే ఉంది. పక్కన మూత పెట్టిన గిన్నె. ఆంటీ నన్నాపి, “పొడుగుబిడ్డ ఎందుకు వస్తలేడు? నేనేమన్న తప్పు మాట అన్ననా?” అని అడిగింది. ఆ గొంతు నేను అమ్మకి ఎప్పుడూ చేసి చూపించని గొంతు. మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశాను.

తిడుతుందనుకున్నాను. ఆవిడ వంగి గిన్నె మీద మూత సరిచేసింది. తర్వాత అంది, “నువ్వు దిగిన దినం చాయ్ తెస్తే, వద్దండి, తాగొచ్చానంటివి. రెండోసారి తెస్తే తలుపు తియ్యకపోతివి. ఆయన గేటు కాడ కూసొని ఇదేంది అదేంది అని అడిగిండు. నువ్వేమన్న అడిగినవా? మెట్ల మీద నిలవడి నా మాట మీ అమ్మకు చేసి చూపిస్తివి. నేను కింద బట్టలారేస్తనే ఉన్న. మూడేండ్ల సంది వింటున్న.”

నాకు ఆ మెట్ల మీదే భూమిలోకి పోవాలనిపించింది. ఆవిడ గిన్నె చేతికి తీసుకుంటూ, “మంచిగనే చేస్తవ్. గని రాలే అనేటప్పుడు గొంతు గట్ల సాగదియ్యద్దు,” అంది. ఆపైన, బండి తియ్యమంది.

అలా ఓనరాంటీ మొదటిసారి నా బండెక్కింది. చందానగర్ నుంచి గచ్చిబౌలి దాకా ఆఫీసు బస్సుల మధ్య, ఒళ్లో గిన్నె పట్టుకుని కూచుంది. నేరుగా కోర్టులోకి నడిచింది. చెప్పులు గీత బయటే విడిచింది (ఎవరూ చెప్పలేదు, మా ఆటగాళ్లకి కూడా లేని భక్తి అది). మేనేజరుగారు లేచి నిలబడ్డారు. పొడుగుబిడ్డ బంతి పట్టుకుని కదలకుండా ఉండిపోయాడు. ఆవిడ నన్ను నోరు తెరవనివ్వలేదు. అతని ముందు నిలబడి తలెత్తి, అతనికి తెలిసిన మాటలన్నీ ఏరుకుని ఒక్కొక్కటే చెప్పింది.

“దర్వాజ బందు లేదు. కుర్చీ ఖాళీ ఉన్నది. పరేషాన్ వద్దు. రోజు రా.”

అతను అర్థం చేసుకున్నాడు. మొత్తం. ఇంక మిగిలింది నా పని. నేనేం చేశానో, ఎందుకు చేశానో ఇంగ్లీషులో చెప్పాను. కుళ్లుకి ఇంగ్లీషు మాట వెంటనే నోటికి రాలేదు, వచ్చాక మాత్రం చాలా చిన్నదిగా అనిపించింది. అతను కోపంగా చూడలేదు. అతిథిగా తానేదో తప్పు చేశాననుకుని రెండు రోజులుగా తలచుకుని తలచుకుని సిగ్గుపడుతున్నానన్నాడు. దానికంటే కొట్టినా బాగుండేది. ఆ తర్వాత కొట్టాడు కూడా. నన్ను గీత అవతల నిలబెట్టి పది సర్వీసులు తీసుకోమన్నాడు. అదే శిక్ష అన్నాడు. ఆంటీ కోచ్ గారి కుర్చీలో కూచుని, గట్టిగా కొట్టమని తెలుగులోనే సలహా ఇచ్చింది. మొదటి సర్వీసు నా చేతుల్ని తాకి పైకప్పుకి వెళ్లింది. రెండోది నన్నే పడేసింది. మూడు నుంచి ఎనిమిది దాకా వచ్చిన దారి నాకు తెలియదు. తొమ్మిదోది మాత్రం సరిగ్గా తీశాను. బంతి బుద్ధిగా లేచి, కొట్టేవాడికి బంతి లేపి ఇచ్చే సెట్టర్ ఉండాల్సిన చోటికి వెళ్లింది. అవతలి నుంచి అతను ‘బరాబర్’ అన్నాడు. ఆ మాట వాళ్లదో ఆంటీదో నేను అడగలేదు. నాలుగేళ్లు బెంచీ మీద కూచున్నది దేని కోసమో అది ఆ పూట దొరికింది. వారం రోజులు మోచేతుల కింద కమిలి ఉంది, నేను పొడుగు చేతుల చొక్కా వేసుకోలేదు.

సాయంత్రం అతను సంతకం పెట్టాడు. విలేకరులు వచ్చి, సముద్రాన్ని కాదని ఈ ఊరినెందుకు ఎంచుకున్నారని అడిగారు. ఇక్కడ వీధిలో ఆడవాళ్లు కూర ఒలుస్తూ మా నానమ్మ మాటలు మాట్లాడతారని, ఆ కూర మాత్రం నానమ్మ జన్మలో చూడనంత పుల్లగా ఉంటుందని, ఇంట్లో ఉన్నట్టూ ఉంటుంది, దూరం వచ్చినట్టూ ఉంటుంది, ఆటగాడికి ఇంకేం కావాలని అన్నాడు. మేనేజరుగారు దీన్ని ‘నగర సాంస్కృతిక వైవిధ్యం’ అని రాసుకున్నారు. ఆ మరుసటి ఏడాది స్లైడ్లలో అద్దాల మేడల తర్వాత గిన్నె పట్టుకున్న ఓనరాంటీ ఫొటో ఒకటి చేరింది. అందులో ఎడమ పక్కన కనిపించే మోచెయ్యి నాది.

ఇప్పుడు నేను ప్రగతి నగర్‌లో కాపురముంటున్నాను. పెళ్లయింది, పాప పుట్టింది, ముందు జుట్టు చాలామటుకు పోయింది. నెలకోసారైనా చందానగర్ వెళ్తాను. పోయిన నెల వెళ్తే ఆంటీ నా చేతికి ఫోనిచ్చి వినమంది. పొడుగుబిడ్డ రెండు సీజన్లు ఆడి వెళ్లిపోయి, ఇప్పుడు ఏదో చలిదేశంలో ఉన్నాడు. అక్కడినుంచి గొంతు రికార్డు చేసి పంపాడు. “ఆంటీ, మంచిగున్నవా? నువ్వు మస్తు యాదికొస్తున్నవ్,” అన్నాడు. అంతే ఉంది. మేం ‘గుర్తు’ అంటాం. యాది అనే మాట ఇన్నేళ్లలో నా నోటికి ఒక్కసారీ రాలేదు. వాడి నోటికి చలిదేశంలో కూచున్నా వచ్చింది, అదీ ఎక్కడా తడబడకుండా.

ఆంటీ మూడుసార్లు వినిపించింది. మూడోసారి వింటూ, వీడు నా గురించి ఒక్క ముక్క అడగలేదేమా అని చూసుకుంటున్నానని నాకే తెలిసింది. లోపల ఆ పాత కుళ్లు చటుక్కున లేచి కూర్చుంది. దాన్ని కసురుకోబుద్ధి కాలేదు. అమలాపురం నుంచి సూట్‌కేసుతో దిగిన ఆ అలకల కుర్రాడి తాలూకు చాలా వస్తువులు ఇల్లు మారినప్పుడల్లా ఎక్కడెక్కడో పోయాయి. ఇదొక్కటి మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. ఇంకోసారి వినిపించమని నేనే అడిగాను.